అడగని పిల్ల

డాక్టర్ జోగారావు గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. విజయనగరంలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే వైద్యుడిగా ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర డాక్టర్లు ఏదైనా అడిగితే, ఓపీలో కూర్చో, చూద్దాం అనేవారు. ఆ చూద్దాం అన్నది ఒక్కోసారి గంటలో తేలేది, ఒక్కోసారి నెలలు గడిచేవి.

డాక్టర్ సువార్త అడిగిన ప్రశ్నకు ఏడాది పట్టింది.

ఆమె అడిగింది ఇది. ఎదుగుదల హార్మోను ఇంజెక్షను మన చేతిలో ఉంది. జాగ్రత్తగా వాడితే పెద్ద ప్రమాదమూ లేదు. పొట్టిగా ఉన్నానని కుమిలిపోయే పిల్లవాడికి రెండంగుళాల ఆశ ఎందుకు ఇవ్వకూడదు? సువార్త తానే నాలుగడుగుల పదంగుళాల మనిషి. చదువుకునే రోజుల్లో పడ్డ మాటలు ఆమెకింకా గుర్తున్నాయి. అందుకని ఆ ప్రశ్నలో కొంత కోపం కూడా ఉంది.

ఆ వారమే రాజాం దగ్గర్నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి గౌరునాయుడు బస్సు డ్రైవరు, తల్లి పైడమ్మ. కొడుకు లోహిత్‌కు పదిహేనేళ్లు నిండాయి, ఎత్తు నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు. ప్రార్థనలో ఎప్పుడూ ముందు వరసలో నిలబెడుతున్నారని, వాలీబాల్ జట్టులోంచి తీసేశారని నెల రోజులుగా బడికి వెళ్లడం లేదు. దూలానికి వేలాడి చూశాడు. టీవీలో చూపించే పొడులన్నీ పాలల్లో కలుపుకుని తాగాడు. ఇంజెక్షను సంగతి ఫోన్లో చూసినప్పటినుంచీ, అది వేయించకపోతే పదో తరగతి పరీక్షలు రాయనని కూర్చున్నాడు.

సువార్త అతణ్ని కొలిచింది, రక్తపరీక్షలు చేయించింది, ఎడమచేతికి ఎక్స్‌రే తీయించింది. రక్తంలో ఏ లోపమూ లేదు. ఎముకల వయసు మాత్రం ఇంకా పన్నెండున్నర దగ్గరే ఉంది. తండ్రిని అడిగితే, తానూ ఇంటర్ అయ్యాకే సాగానని చెప్పాడు. అంటే కుర్రాడు ఆలస్యంగా ఎదిగే బాపతు, అంతే. అయినా సువార్త మనసు అతనివైపే మొగ్గింది. కుటుంబాన్ని వెంటబెట్టుకుని, కాగితాలు తీసుకెళ్లి గురువు ముందు పెట్టి, ఏం చేద్దామంది.

జోగారావు గారు కాగితాలు చదివి పక్కన పెట్టారు. తర్వాత, తల్లి సంచీ ఒళ్లో పెట్టుకుని మూల బల్ల మీద కూర్చున్న పాపవైపు తిరిగారు. లోహిత్ చెల్లెలు. ఆ రోజు బడి లేదని వెంట తీసుకొచ్చారు. పాప వయసెంత ఉంటుందని ఆయన సువార్తను అడిగారు. ఎనిమిదేళ్లుంటాయని ఆమె చెప్పింది.

"పదమూడు," అంది పాప. పేరు ధరణి, చదివేది ఎనిమిదో తరగతి.

ఆ గౌను ఎప్పటిదని ఆయన తల్లిని అడిగారు. మూడేళ్ల కిందట దసరాకు కుట్టించానని, ఎదిగే పిల్ల కదా అని అంచు లోపలికి మడిపించానని, ఆ మడత విప్పే పని ఇంకా పడలేదని పైడమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూనే పాపవైపు తిరిగి చూసింది. తనకు తానే సర్దిచెప్పుకుంటున్నట్టు, "ఆడపిల్ల కదా బాబూ, చిన్నగా ఉంటేనే ముద్దు," అంది.

ధరణి ఎత్తు నూట పద్దెనిమిది వచ్చింది. మెదడు అడుగున ఉండే గ్రంథి ఆ పిల్ల ఒంట్లో ఎదుగుదల హార్మోనును దాదాపు తయారుచేయడమే లేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. స్కానులో గడ్డ లాంటిదేదీ కనబడలేదు, అదొక్కటే ఊరట. రోజూ ఇంజెక్షను వేయాలి, కొన్నేళ్లు వేయాలి.

లోహిత్‌కు మందు అక్కర్లేదన్న మాట సువార్తే చెప్పాల్సి వచ్చింది. అతను ఆమె మొహం చూడకుండా లేచి బయటికి వెళ్లిపోయాడు. గౌరునాయుడు మాత్రం ఊరుకోలేదు.

"అడిగినోడికి వద్దంటారు, అడగనిదానికి ఇస్తామంటారు. ఇదేం వైద్యం సారూ?"

జోగారావు గారు వాదించలేదు. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని సోమవారం రమ్మన్నారు. సోమవారం నలుగురూ వచ్చారు.

ఇంజెక్షను వేయడం నర్సు నేర్పుతుంటే, తనవల్ల కాదంటూ పైడమ్మ వెనక్కి జరిగింది. గౌరునాయుడికి సాయంత్రాలు డ్యూటీ. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న లోహిత్ వచ్చి, పెన్నులా ఉన్న ఆ సాధనాన్ని చేతిలోకి తీసుకుని, రోజూ తను వేస్తానన్నాడు. సువార్త గురువును పక్కకు పిలిచి అభ్యంతరం చెప్పింది. ఏ మందు కోసం ఆ పిల్లవాడు బడి మానేశాడో అదే మందు అతని చేతికిస్తే, చెల్లికి బదులు తనకే వేసుకోడని నమ్మకమేమిటంది. ఆ మాట తనను కాదు, అతణ్నే అడగమన్నారు జోగారావు గారు. ఆమె అడిగింది.

"చెల్లి ఎదక్కపోతే తెలిసిపోద్ది కదా మేడం," అన్నాడు లోహిత్.

మూడు నెలలకోసారి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా సువార్త భయపడుతూనే ధరణిని కొలిచేది. ధరణి ఎదుగుతూనే ఉంది. ఏడాది నిండి వచ్చిన రోజుకు పది సెంటీమీటర్లు పెరిగింది. లోహిత్ కూడా ఏ మందూ లేకుండానే ఆరు పెరిగాడు, గొంతు బొంగురుపోయింది. పరీక్షలు రాసి ఇంటర్‌లో చేరాడు. తరగతిలో పొట్టివాళ్లలో ఇప్పటికీ ఒకడే. ఆ మాట అతనే చెప్పాడు, దాచుకోకుండా.

ఎప్పుడైనా తనకు వేసుకోవాలనిపించిందా అని సువార్త ఆ రోజు నెమ్మదిగా అడిగింది. అనిపించిందన్నాడు. మొదటి వారంలోనే ఒక సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్లు లేని సమయంలో, పెన్ను మీద మోతాదు అంకె తిప్పి సూదిని తన తొడకే ఆనించుకున్నాడు. ఎదురుగా ధరణి గౌను మోకాలిపైకి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. సూదంటే ఆ పిల్లకు ప్రాణం పోయేంత భయం. అయినా ఒక్కరోజు కూడా పిలిపించుకోలేదు.

"అయిపోయిందా అన్నియ్యా అనడిగింది. ఇంకా లేదన్నాను. సూది మార్చి దానికేశాను."

వాళ్లు వెళ్లిపోయాక సువార్త గురువు గదిలోకి వెళ్లి విన్నదంతా చెప్పింది. వాళ్లు మొదటిసారి వచ్చిన రోజు ఆ కుర్రాడిలో తనను తానే చూసుకున్నానని, ఎదురుగా ఉన్న పాప కంటికి ఆనలేదని కూడా చెప్పింది. చివరికి, ఆ ఇంజెక్షను లోహిత్‌కు ఇచ్చి ఉంటే ఇంకాస్త పెరిగేవాడేమో కదా సార్ అంది.

"ఏమో," అన్నారు జోగారావు గారు. చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "తర్వాతి వాళ్లను పిలువమ్మా. చీటీలో పేరున్న మనిషినొక్కణ్నే కాదు, కూడా వచ్చినవాళ్లందర్నీ లోపలికి రమ్మను."