తాటాకు కప్పిన చోటు

కుందవరం విద్యాపీఠానికి నూరేళ్ళు నిండాయి. ఉత్సవానికి రాజుగారు వస్తున్నారని కులపతి మల్లంభట్టు, ఇళ్ళకు తాటాకు కప్పే పోలయ్యను పిలిపించాడు. సభామండపం పైకప్పంతా చిల్లులే. ఉన్న తాటాకు వేదిక మీదికో, విద్యార్థులు కూర్చునే వైపుకో, ఏదో ఒకదానికే సరిపోతుంది.

"పీఠానికి ఎవరు ముఖ్యమో వాళ్ళ నెత్తిన కప్పెయ్" అన్నాడు కులపతి.

పోలయ్య సరేనన్నాడు.

సభలో కులపతి పీఠం చరిత్ర చదివాడు, సాధించిన విజయాలు చదివాడు. రాబోయే నూరేళ్ళ ప్రణాళిక ఎత్తుకుని మొదటి పదేళ్ళు చదివేసరికి వాన అందుకుంది. వేదిక మీద రాజుగారి తలపాగా తడిసి ముద్దయింది. ఎదురుగా విద్యార్థులు పొడిగా కూర్చుని ఉన్నారు.

"ఈ పోలయ్యను కొరత వేయించండి ప్రభూ!" అని అరిచాడు కులపతి.

పోలయ్య చేతులు కట్టుకున్నాడు. "పీఠానికి విద్యార్థులే ముఖ్యమని అయ్యవారు ఏటా ఉత్సవంలో చెబుతుంటే విన్నాను ప్రభూ. అది అబద్ధమైతే కొరత వేయించండి."

రాజుగారు కులపతి వైపు చూశారు.

"అబద్ధం కాదు ప్రభూ" అని గొణిగాడు కులపతి.

రాజుగారు వేదిక దిగి, విద్యార్థుల మధ్య చోటు చేసుకుని కూర్చున్నారు. "కానివ్వండి, చదవండి" అన్నారు.

మిగిలిన తొంభై ఏళ్ళ ప్రణాళికను కులపతి వానలో నిలబడి నాలుగు మాటల్లో ముగించాడు.