టీ గ్లాసుడు నెత్తురు

ఆ వారం కౌండిన్యకి కాళ్ళు నేలమీద ఆనలేదు. పెద్దాసుపత్రిలో పిల్లల వైద్యం చదువుతున్న కుర్రడాక్టరు. పుట్టగానే ఊపిరందని పసికందుల్లో గుండె దెబ్బతింటే, ఆ సంగతి రక్తంలో ముందే తెలుస్తుందా అన్నది అతని థీసిస్. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనేది రక్తంలోకి వచ్చి చేరుతుంది. అది ఎంతుందో చూస్తే లోపలి గుట్టు బయటపడుతుంది.

పడింది కూడాను! ఆ ఆసుపత్రిలోనే సత్యవేణి అనే ఆవిడకి నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. పుట్టినప్పుడు ఏడవలేదు. గొట్టం వేసి ఊపిరి అందిస్తున్నారు. గుండెకేం ఫరవాలేదని అందరూ అనుకుంటుంటే, కాదు, దెబ్బతింది అన్నాడు కౌండిన్య. స్కాన్ తీస్తే అతనన్నదే నిజమైంది. వెంటనే మందు మొదలుపెట్టారు. పెద్ద డాక్టరు సులోచనాదేవి గారు అందరి ముందూ శభాష్ అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడమంటే మాటలా!

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. ట్రోపోనిన్ దిగుతోందా లేదా అని రోజూ పొద్దున రక్తం తీయించాడు, మధ్యాహ్నం తీయించాడు, సాయంత్రం మళ్ళీ. పనిలో పనిగా ఇంకో రెండు పరీక్షలూ చేర్చాడు. అంతా శుభంగా దిగుతూ వచ్చింది. ఈలోగా పిల్లాడు పాలిపోయాడు. గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది.

"మేడమ్, గుండె మళ్ళీ మొదటికొచ్చినట్టుంది. ఇంకోసారి ట్రోపోనిన్ పంపిస్తాను," అన్నాడు కౌండిన్య. సూది అప్పటికే చేతిలో ఉంది. గాజు తలుపు అవతల సత్యవేణి చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

సులోచనాదేవి గారు పిల్లాడి కింది రెప్ప లాగి చూశారు. సిస్టర్ చెవిలో ఏదో చెప్పి పంపించారు.

"అది అక్కడ పెట్టి నా గదికి రావయ్యా."

గదిలో ఫ్లాస్కు మూత తీసి, క్యాంటీన్ వాళ్ళ చిన్న గ్లాసు నిండా పాలు కలపని టీ వంపారు. కౌండిన్య మొహమాటంగా చెయ్యి చాచాడు.

"తాగడానికి కాదు. ఇదీ సత్యవేణి కొడుకు ఒంట్లో ఉండే మొత్తం నెత్తురు. ఇంతే." సూది లేని సిరంజి ఒకటి అందించారు. "ఈ వారం నువ్వు తీయించినవన్నీ ఇందులోంచి తియ్యి."

కౌండిన్య నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. ఒక్కోసారి తీసింది చెంచాలో సగం కూడా లేదు. తీసి సింకులో పోస్తున్నాడు. కాసేపటికి చెయ్యి నెమ్మదించింది.

"ఆగావేం? ఇంకా మంగళవారమే కదా."

మిగతావీ తీశాడు. గ్లాసులో మూడో వంతు ఖాళీ అయింది.

"ట్రోపోనిన్ తగ్గింది కదా మేడమ్. మరి ఆ దడ..." అంటూ గ్లాసు వైపు చూసి ఆగిపోయాడు. దడ నెత్తురు చాలక!

సిస్టర్ తలుపు తోసింది. "రక్తం వచ్చింది మేడమ్. ఎక్కించెయ్యమంటారా?"

"ఎక్కించు. నెమ్మదిగా."

కౌండిన్యకి ఏడుపొచ్చినంత పనైంది. "నేను చూసుకోలేదు మేడమ్."

"చూశావు. నువ్వు చూడబట్టే గుండె సంగతి తెలిసింది," అన్నారావిడ. ఓదార్పుగా అన్నారో, ఉన్నమాట అన్నారో అతనికి అర్థం కాలేదు.

పిల్లాడి ఒంట్లోకి రక్తం చుక్కచుక్కగా దిగుతుంటే కౌండిన్య వాడి పక్క నుంచి కదల్లేదు. దడ మెల్లగా తగ్గుతూ వచ్చింది. పెదాలకి రంగు తిరిగింది. సత్యవేణిని పిలిచి చూపించారు. ఆవిడ వేలితో కొడుకు అరికాలు తాకి నిలబడిపోయింది.

కౌండిన్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ప్రాణం కుదుటపడగానే అలవాటు ఊరుకుంటుందా?

"మేడమ్, ఇప్పుడు ఒక్కసారి ట్రోపోనిన్..." అని నాలిక కరుచుకున్నాడు.

సులోచనాదేవి గారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మనం ఏదడిగినా వాడు నెత్తురుతోనే జవాబు చెప్పాలి నాయనా. చూసి అడుగు."