వాగు దాకా

శివరాత్రికి కాలినడకన శ్రీశైలం పోయే భక్తులను ఆ ఏడు అడవి దాటించే పని సిద్ధలింగస్వామి తన శిష్యుడు చెన్నవీరుడికి అప్పగించాడు. చెన్నవీరుడు వయసులో ఉన్నవాడు, గట్టివాడు. ముందుగా తానొక్కడే పోయి దారులు చూసి, అడవి అంచున భక్తులు దిగిన చోటికి తిరిగొచ్చాడు.

"స్వామీ, రెండు దారులున్నాయి. ఒకటి వాగు వెంబడి చుట్టు తిరిగి పోతుంది. రెండోది నిట్టనిలువు. అందులో నీళ్లు దొరకవు గానీ, రేపు తెల్లారి బయల్దేరితే పొద్దు వాలకముందే అవతలి చెరువు చేరతాం. నేను నడిచి చూశాను. దాంట్లోనే పోదాం."

"అందరూ నడవగలరా?"

"మనసుంటే కొండ ఎంత, స్వామీ!"

స్వామి భక్తుల వైపు చూశాడు. భక్తుల్లో ఈరమ్మ అనే ముసలామె నీళ్లకని బిందె పట్టుకుని లేస్తోంది.

"చెన్నవీరా, అవ్వకు వాగు చూపించి రా" అన్నాడు స్వామి.

వాగు పిలిస్తే పలికేంత దూరం. చెన్నవీరుడు బిందె అందుకుని గబగబా దిగిపోయి, వెనక్కి తిరిగి చూశాడు. అవ్వ ఇంకా పైనే ఉంది. అతనికి దాటిన గుర్తయినా లేని బండ మీద ఆమె చతికిలబడి, చేతులు రెండూ ఆనించి, ఒక కాలు దింపింది. ఆగింది. రెండోది దింపింది.

అతను మళ్లీ పైకెక్కాడు. "ఎత్తుకోనా అవ్వా?"

"వద్దు నాయనా. మా ఆయన ఏటా నడిచేవాడు. ఇప్పుడాయన లేడు. ఆయన మొక్కు నా కాళ్లతోనే తీరాల. నువ్వు పోతా ఉండు, నేనొస్తా."

చెన్నవీరుడు పోలేదు. ఆమె వెనకే నడిచాడు. తిరిగి ఎక్కేటప్పుడు ఆమె ఊపిరి కోసం చాలాసార్లు నిలబడింది. ఒక్కసారి కూడా కూర్చుందామనలేదు.

వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నానికి వండిన అన్నం చల్లారిపోయింది. మిగిలినవాళ్లు తినేసి నడుం వాల్చారు. ఈరమ్మ ఓ మూలకు పోయి విస్తరి వేసుకుంది. చెన్నవీరుడు బిందె దించి స్వామి ముందు నిలబడ్డాడు. అవ్వ నాలుగు ముద్దలు తినేదాకా అటే చూశాడు.

"వాగు దారినే పోదాం స్వామీ. మధ్యలో నీళ్ల దగ్గర ఒక రాత్రి ఆగాలి. పండగకు అందాలంటే రేపటిదాకా కూర్చోకూడదు, ఇప్పుడే కదలాలి. నేను అందరికన్నా వెనక నడుస్తాను."

"మరి చెరువుకు ఎప్పటికి చేరతాం?"

"ఈరమ్మవ్వ చేరినప్పుడు, స్వామీ."

స్వామి తన చేతులతో అతని విస్తట్లో అన్నం పెట్టాడు.

"త్వరగా తిను నాయనా. మన మాట విని అవ్వ అప్పుడే వాగు వైపు బయల్దేరింది."