పార పట్టుకుని నిలబడ్డ కొడుకు

అనగా అనగా, ఏటి గట్టున ఒక ఊళ్ళో పోలమ్మ అని ఒక కుమ్మరావిడ. ఆవిడకి చెంగయ్య అని ఒక్కడే కొడుకు. ముప్పై ఏళ్ళ మనిషి, గుమ్మం పట్టనంత ఒడ్డూ పొడుగూ. అయినా మంచినీళ్ళు తాగాలన్నా "తాగమంటావా అమ్మా?" అని అడిగి తాగేవాడు. పోలమ్మ మురిసిపోయేది. నా కొడుకు నా మాట జవదాటడని ఊరంతా చెప్పుకునేది. నవ్వకు నాన్నా, నీ చొక్కా బొత్తాలు ఎవరు పెడుతున్నారేమిటి?

ఆ తర్వాత వాడికి నాంచారి అనే పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. జీలకర్రా బెల్లం చేతికిస్తే, పెళ్ళికూతురి నెత్తిన పెట్టకుండా వెనక్కి తిరిగి, పెట్టమంటావా అమ్మా అన్నాడు. పందిరంతా నవ్వింది. నాంచారి నవ్వలేదు.

ఆ తర్వాత ఒకనాడు పోలమ్మ సంతకెళ్ళింది. పెరట్లో పచ్చికుండలు ఆరుతున్నాయి. మబ్బు పట్టింది. లోపల పెడదాం రమ్మంది నాంచారి. అమ్మ వచ్చి చెప్పనీ అని వాడు చూరు కింద చతికిలబడ్డాడు. ఆ పిల్ల ఒక్కతే ఎన్నని మోస్తుంది? వాన కొట్టింది. కుండలన్నీ మళ్ళీ మట్టయిపోయాయి. పోలమ్మ వచ్చి తిట్టింది ఎవర్నో తెలుసా? కోడల్ని.

అప్పుడేమయిందో విను. ముగ్గురూ బంకమట్టికని ఏటి గట్టుకి వెళ్ళారు. పోలమ్మ గోతిలోకి దిగి తవ్వుతోంది. నాంచారి తట్టలు మోసుకెళ్ళి దూరంగా కుప్ప పోస్తోంది. చెంగయ్య పైన పార పట్టుకుని ఉన్నాడు. ఉన్నట్టుండి గోతి అంచు విరిగి పోలమ్మ మీద పడింది. ముక్కు మునిగేదాకా మట్టి. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

అప్పుడు వాడు పైనుంచి వంగి, "తవ్వమంటావా అమ్మా?" అన్నాడు.

నిజం నాన్నా. నోటినిండా మట్టి ఉన్న తల్లి ఏం చెబుతుంది? వాడు మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. ఆవిడ కళ్ళు ఇంతలేసి అయ్యాయి. చావుకి కాదు, కొడుకుని చూసి జడుసుకుని.

నాంచారి తట్ట విసిరేసి పరుగెత్తుకొచ్చి గోతిలోకి దూకింది. పార అడగడానికైనా ఆగలేదు. గోళ్ళు విరిగినా చేతుల్తోనే గోకి గోకి, ముందు ముక్కు, తర్వాత నోరు, ఆ తర్వాత మనిషిని బయటకి తీసింది. పోలమ్మ దగ్గి, మట్టి ఉమ్మి, ఊపిరి పీల్చుకుంది.

"వీణ్ణి ఇలా చేసింది నేనేనా పిల్లా?" అంది.

"చెయ్యడం బాగానే చేశావత్తా. చక్రం మీంచి దింపడమే మరిచావు," అంది నాంచారి.

అత్తా కోడళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇంటిదారి పట్టారు. వెనకనుంచి, నన్నూ రమ్మంటావా అమ్మా అని వినిపించింది. పోలమ్మ తిరగబోయి, పళ్ళు బిగబట్టి నడిచింది.

వచ్చాడా అంటావా? పొద్దుగుంకేదాకా అక్కడే నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. అడగడానికి ఎవరూ లేరు. అప్పుడు ఒక అడుగు వేశాడు. ముప్పై ఏళ్ళకి తప్పటడుగు!

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
కళ్ళు మూస్తే కల కంటికి.