దిబ్బ మీద రేకు డబ్బా

చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెడుతున్నావే, ఆ చేప ఎక్కడుందో పడవకు చూపించింది ఎవరని ఒక్కసారైనా అడిగావా? అడగలేదు. అడిగితే ముద్ద దిగదని నీకు తెలుసు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చో. ఇది నీలాగే అడగకుండా తిన్నవాళ్ల కథ.

ఒక తీరాన ఏడు పడవలు ఉండేవి. ఆ తీరంలో కొండ లేదు, దీపస్తంభం లేదు. రెండు గంటలు తెడ్డు వేస్తే వెనక నేల కనపడకుండా పోయేది. తిరిగి ఒడ్డెక్కడానికి ఏరు సముద్రంలో కలిసే మొగ ఒక్కటే దారి. మరో చోట ఎక్కబోతే అలలు పడవను బోర్లా వేసేవి.

అక్కడివాళ్లకు దారి చూపేవి తెల్ల పిట్టలు. మొగ పక్కన ఒక ఇసుక దిబ్బ ఉంది. పిట్టలు దాని మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేవి. పొద్దున్నే సముద్రం మీదికి పోయి, కవళ్లనే చిన్న చేపల మంద ఎక్కడ తేలితే అక్కడ గుండ్రంగా తిరిగేవి. వాటి కింద వల వేస్తే చేప పడేది. పొద్దు వాలేవేళకు పిల్లల కోసం నోట చేపతో తిన్నగా దిబ్బకు ఎగిరేవి. వాటి కింద పడవ పోనిస్తే మొగ వచ్చేది.

ఇందుకు ఆ ఊళ్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. పిట్టల్ని ముందు చూసినవాడు తలగుడ్డ విప్పి తెడ్డుకు కట్టి ఎత్తాలి, మిగతా పడవలు రావాలి. తొలి వలలో తొలి పిడికెడు చేప పిట్టలకు విసరాలి.

ఆ ఏడు పడవల్లో ఒకదాంట్లో ఒక చూపున్నవాడు ఉండేవాడు. అందరికీ వట్టి నీళ్లు కనపడే చోట అతనికి ఆవగింజంత తెలుపు కనపడేది. అతను గుడ్డ ఎత్తేదాకా మిగతా ఆరు పడవలూ తెడ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవి.

"నీ కళ్లు మాకొక జత ఇచ్చేయరాదా?" అనేవాళ్లు.

"ఇస్తాను. అవి దూరానివే చూస్తాయి, ఇంట్లో మీ ఆవిడని గుర్తుపట్టలేరు మరి," అనేవాడు. అందరూ నవ్వేవారు.

నవ్వినన్నాళ్లు బాగానే ఉంది. ఒకనాడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. కళ్లు నావి, చేప ఏడు పడవలదెలా అవుతుంది? ఆ రోజు పిట్టల్ని చూశాడు కానీ గుడ్డ ఎత్తలేదు. అయినా లాభం లేకపోయింది. అతను వల దించి లాగేలోపు పిట్టలు ఆకాశం నిండా తిరిగాయి, తెల్లగా మెరిశాయి. మిగతావాళ్లు చూసి వచ్చేశారు.

"ఏటి బాబూ, గుడ్డ ఎత్తలేదు?" అన్నాడు పెద్ద తండేలు. ఏడు పడవలకూ పెద్ద అతను. అతని మాట మీదే పడవలు కదిలేవి.

"భుజం పట్టేసింది తండేలూ."

"వల లాగడానికి పట్టలేదే!" అన్నాడు పక్క పడవలోంచి ఒకడు. మళ్లీ నవ్వులు. ఈసారి చూపున్నవాడు నవ్వలేదు.

తనకు అడ్డం పిట్టలేనని అతనికి అర్థమైంది. మర్నాడు పడవలోకి ఒక కిరసనాయిలు డబ్బా, ఒక కర్ర తెచ్చాడు. పిట్టలు తిరిగే చోటికి అందరికన్నా ముందు చేరి డబ్బా మీద కర్రతో దబదబా బాదాడు. పిట్టలు బెదిరి చెదిరిపోయాయి. చేపల మంద ఇంకా నీళ్లపైనే ఉంది. వల దిగింది. మోత అందనంత దూరాన ఉన్న పడవలకు ఖాళీ ఆకాశమే కనపడింది.

అతనితో తెడ్డు వేసేవాడు అతని బావమరిది. మెతకవాడు.

"బావా, పిట్టల వాటా?" అన్నాడు పిడికెడు చేప పట్టుకుని.

"పిట్టలేవి? ఎవరికి విసురుతావు? బుట్టలో వెయ్యి."

బావమరిది చేతిలోని చేపను చూశాడు, ఆకాశాన్ని చూశాడు. బుట్టలో వేశాడు.

అలా నెల రోజులు జరిగింది. ఆరు పడవలు సగం బుట్టలతో వస్తే ఆ పడవ నిండా వచ్చేది. "అదృష్టం మావా నీది," అంది అతని భార్య. చేప కడుగుతూ ఆ మాట నవ్వుతూ అంది. ఆమె తమ్ముడు మాత్రం తల ఎత్తలేదు.

ఒకటి మరిచాడు చూపున్నవాడు. మనిషికి పడవ పడవకూ తేడా తెలుస్తుంది. పిట్టకు తెలియదు. దానికి ఏడు పడవలూ ఒక్కటే, ఏడు పడవల్లోనూ రేకు మోతే ఉంది. పిట్టలు పడవ కనపడితే చాలు, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాయి. మేత కోసం ఇంకా లోతుకు, తెడ్డు అందని నీళ్లకు పోయాయి. అంత దూరం నుంచి మేత తేలేక దిబ్బకు రావడం తగ్గించాయి. పైగా దిబ్బ పక్క నుంచే పడవలు పోతాయాయె. ఒక వారంలో దిబ్బ ఖాళీ అయింది. పొదగని గుడ్లు ఎండకు మిగిలాయి.

"పిట్టలకేమైందిరా?" అన్నారు ఒడ్డున.

"కాలం మారింది," అన్నాడు చూపున్నవాడు. అందరికన్నా బాగా చూడగలవాడు చెప్పాడని నమ్మారు.

బావమరిదికి అది అబద్ధమని తెలుసు. నిజం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. "నీ పడవలో కూర్చుంటే నడుం నొప్పి బావా," అని సాకు చెప్పి పెద్ద తండేలు పడవలోకి మారిపోయాడు. అది సిగ్గే. కానీ సిగ్గు నోరు విప్పకపోతే అది కూడా దొంగ పక్కన దొంగే.

పిట్టలు లేని ఆ చలికాలంలో ఒక సాయంత్రం సముద్రం మీద పొగమంచు దిగింది. సూర్యుడు ఎటున్నాడో తెలియలేదు. చూపున్నవాడు ఆ రోజు పొద్దున్నే దొరికినకాడికి తీసుకుని వచ్చేశాడు. మరో ఐదు పడవలు మంచు చిక్కబడక ముందే మొగ పట్టుకున్నాయి. పెద్ద తండేలు పడవ రాలేదు.

ఊరంతా ఒడ్డుకు చేరింది. కేకలు వేశారు. అలల హోరులో కేక పదడుగులు కూడా పోలేదు.

చూపున్నవాడి భార్య అతని చెయ్యి పట్టుకుంది. "మావా, నీ కళ్లతో చూడు. మా తమ్ముడు ఎక్కడున్నాడు?"

చూశాడు. తెల్లటి మంచు, అంతే. ఆవగింజంత తెలుపును పట్టే కళ్లకు అంతా తెలుపే అయ్యేసరికి ఏమీ దొరకలేదు.

"ఏం మావా? కనపడ్డాడా?"

"లేదు."

"పిట్టలు ఉండుంటే ఈ పాటికి వచ్చేసేవాడు," అందామె. తిట్టలేదు. ఆమెకు ఏమీ తెలియదు. అందుకే ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది.

ఒక్క మోతే ఈ హోరును దాటుతుందని అతనికి తెలుసు. ఆ డబ్బా బయటికి తీస్తే ఏమవుతుందో కూడా తెలుసు. కాసేపు ఇసుకలో కాళ్లు పాతుకున్నట్టు నిలబడ్డాడు. ఆ కాసేపే అతని బతుకులో అన్నిటికన్నా నీచమైంది, ఎందుకంటే ఆ కాసేపూ అతను లెక్కలో పెట్టుకుంది బావమరిది ప్రాణాన్ని కాదు, తన పరువును.

తర్వాత పరుగెత్తాడు. పడవలో వల కింద దాచిన డబ్బా తీశాడు. మోకాలి లోతు నీళ్లలో నడిచి దిబ్బ ఎక్కాడు. కాళ్ల కింద గుడ్డు పెంకులు పటపటమన్నాయి. పిట్టలు కూర్చునే చోట నిలబడి బాదడం మొదలుపెట్టాడు.

చెయ్యి వాచేదాకా బాదాడు. చివరికి మంచులోంచి ఒక పడవ ముక్కు బయటపడింది.

పెద్ద తండేలు దిగి ఇసుక మీద కూర్చుండిపోయాడు. ఆడవాళ్లు అతనికి నీళ్లు ఇచ్చారు. "దారి అటా ఇటా అని తెడ్లు వదిలేసి కూర్చున్నాం," అన్నాడు. "ఈ కుర్రాడు ఒక్కసారి చెవి ఒగ్గి, అదిగో అటు, ఆ మోత నాకు తెలుసు, అన్నాడు. నమ్మి వచ్చాం."

అందరూ బావమరిదిని చూశారు. "నీకెలా తెలుసురా ఆ మోత?"

అతను తడి తలగుడ్డ పిండుకుంటున్నాడు. బావ వైపు చూడలేదు.

పెద్ద తండేలు లేచి, దిబ్బ దిగి వచ్చిన చూపున్నవాడి చేతిలోంచి డబ్బాను తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. వేలితో తడిమాడు. నాలుగు వైపులా లోపలికి నొక్కుకుపోయి ఉంది. కొన్ని సొట్టలకు తుప్పు కూడా పట్టింది.

"ఇన్ని సొట్టలు ఒక్క సాయంత్రంలో పడవు," అన్నాడు.

అందరూ ఖాళీ దిబ్బను చూశారు, పెంకుల్ని చూశారు, అప్పట్లో నిండుగా వచ్చిన ఆ ఒక్క పడవను చూశారు. చూపున్నవాడి భార్య అతని పక్క నుంచి జరిగింది. ఆ నెల రోజులూ తాను నవ్వుతూ కడిగిన చేప ఆమెకు గుర్తొచ్చింది.

"నన్ను కొట్టండి," అన్నాడు చూపున్నవాడు.

"కొడితే తీరిపోతుందనేటి?" అన్నాడు పెద్ద తండేలు. డబ్బా అతని కాళ్ల దగ్గర పెట్టాడు.

ఊరు అతన్ని వెలివేయలేదు. జరిమానా వేయలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ మంచు దిగినప్పుడు ఇద్దరు ఆడవాళ్లు అతని గుమ్మంలోకి వచ్చి, "మావాళ్లు ఇంకా రాలేదు," అన్నారు. అంతే. అతను కర్ర తీసుకుని దిబ్బకు నడిచాడు. ఆ మర్నాడూ అంతే. ఇక అతను సముద్రం మీదికి పోనేలేదు. పొద్దు వాలేవేళకు దిబ్బ మీద ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి అతనే.

చలికాలం పోయింది. పిట్టలు గుడ్లు పెట్టే రుతువు తిరిగి వచ్చింది. ఒక సాయంత్రం డబ్బా కొడుతూ కొడుతూ అతను దూరాన ఆవగింజంత తెలుపును చూశాడు. ఒకటి కాదు, పది, ఇరవై. నోట చేప లేదు, ఇంకా పిల్లలు లేవు. పాత దిబ్బను వెతుక్కుంటూ వస్తున్నాయి. ఆ ఊళ్లో ఇంకెవరికీ అవి కనపడవు.

చెయ్యి ఆపితే అవి వాలతాయి. కానీ ఆ రోజూ మంచు పలచగా కమ్ముకుంటోంది, రెండు పడవలు ఇంకా రాలేదు. ఒకదాంట్లో బావమరిది ఉన్నాడు.

పిట్టలు లేవు కాబట్టి అతను కొట్టాలి. అతను కొడుతున్నాడు కాబట్టి పిట్టలు రావు. తెల్ల చుక్కలు గాలిలో ఒక్క క్షణం ఆగి, మోత విని, లోతు నీళ్ల వైపు మళ్లిపోవడం అతను చూశాడు. కళ్లు మూసుకుందామనుకున్నాడు కానీ పడవల కోసం తెరిచే ఉంచాలి.

ప్రతి ఏడూ ఆ రుతువులో అవి వచ్చేవి. ప్రతి ఏడూ వాటిని వెనక్కి పంపింది అతని చెయ్యే, చూసింది అతని కళ్లే.