ఉల్లిపొర గిన్నె

రూయీకి ముద్ర కావాలి.

యున్‌హే అనే పెద్దావిడ దగ్గర పింగాణీ పని నేర్చుకోవడానికి రూయీ చిన్నప్పుడే కొండెక్కి వచ్చింది. అక్కడ ఒక పద్ధతి ఉండేది. శిష్యులు చేసిన గిన్నెల అడుగున ఏ పేరూ ఉండదు. గురువమ్మ ఒప్పుకున్న రోజున మాత్రం వాళ్ల పేరుతో ముద్ర చెక్కి చేతికిస్తుంది. ఆ ముద్ర దొరికినవాళ్లు కొండ దిగి తమ బట్టీ తాము పెట్టుకోవచ్చు. రూయీ తర్వాత వచ్చినవాళ్లు కూడా ముద్రలు పుచ్చుకుని వెళ్లిపోయారు. రూయీ ఇంకా మట్టి పిసుకుతూనే ఉంది.

పనితనం లేక కాదు. ఆమె వేళ్లలో ఉన్న నేర్పు ఆ కొండమీద ఇంకెవరికీ లేదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ వసంతంలో ఆమె ఒక గిన్నె చేసింది. కుమ్మరి సారె మీద ఎత్తి, ఆరాక గీకి, మళ్లీ గీకి, ఉల్లిపొరంత పల్చన చేసింది. గిన్నెను నిలబెట్టే గుండ్రటి కట్టు అడుగున ఉంటుంది కదా, బరువెందుకని దాన్నీ చెక్కేసింది. బట్టీలో కాల్చి తీశాక ఎండకు ఎత్తిపట్టుకుంటే వెనకున్న వేళ్లు ఇవతలికి కనిపించాయి.

ఆ రోజే కింది ఊరినుంచి పట్టు వర్తకులు వచ్చారు. గిన్నెను చూసి నోళ్లు తెరిచారు. ఒకాయన దాన్ని మంచు రేకు అన్నాడు. ఇంకొకాయన, ఇది చూసిన కంటికి మిగతావన్నీ మట్టిచట్టుల్లాగే ఉంటాయన్నాడు. మెచ్చుకునేవాళ్లకేం, ఇంటికెళ్లి ఎవరి గిన్నెలో వాళ్లు తింటారు. రూయీ మాత్రం ఆ మాటల్లో ఒక్కటీ కింద పడకుండా ఏరుకుంది.

వాళ్లు అక్కడ ఉండగానే ధైర్యం చేసింది.

"గురువమ్మా, నేను ఇంకా ఏం నేర్చుకోవాలి?"

యున్‌హే గిన్నె అందుకుంది. వెలుగులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. బాగుందంది. ఆవిడ నోట ఆ మాట వినడం రూయీకి అదే మొదలు. ముద్ర కూడా ఎప్పుడో చెక్కి ఉంచానంటూ గూట్లోంచి తీసి పీట మీద పెట్టింది. రూయీ చెయ్యి చాపింది.

"తీసుకుందువుగాని. పొద్దుటినుంచి ఏమీ తినలేదు నువ్వు. ముందు గంజి తాగు."

పొయ్యి మీద గంజి కుతకుతలాడుతోంది. యున్‌హే ఆ కొత్త గిన్నెలోనే నిండా పోసి, చెక్కపలక మీద పెట్టి తెచ్చి అందించింది. పెద్దలు ఇచ్చిన గిన్నెను ఖాళీ అయ్యేదాకా కింద పెట్టకూడదన్నది ఆ ఇంటి ఆచారం.

రూయీ రెండు చేతులా అందుకుంది. చుర్రుమంది. వేడిని ఆపే ఓపిక ఉల్లిపొరకెక్కడిది? అడుగున పట్టుకుందామంటే అక్కడ కట్టు లేదు. చొక్కా చేతులు అడ్డం పెడదామంటే పనికోసం మోచేతుల పైకి బిగించి కట్టేసి ఉన్నాయి. వదిలేస్తే గిన్నె పోతుంది. ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంటూ, ఊదుకుంటూ, ఒంటికాలి మీద గెంతుతూ తాగింది. పింగాణీతో పాటు నాట్యం కూడా నేర్పుతున్నారా అని వర్తకుల్లో ఒకాయన యున్‌హేని అడిగాడు. ఆవిడ రూయీ చేతుల్నే చూస్తోంది.

గంజి అయిపోయింది. గిన్నె పగల్లేదు. రూయీ దాన్ని పీట మీద పెట్టి, ఎర్రబడ్డ అరచేతుల్ని పక్కనున్న తడిమట్టి ముద్దకు అదుముకుంది.

"గంజి ఎలా ఉంది?" అనడిగింది యున్‌హే.

తాగినంతసేపూ రూయీ కళ్లు గిన్నె మీదే ఉన్నాయి.

"తెలియలేదు గురువమ్మా."

యున్‌హే తలూపింది. తను రోజూ తినే గిన్నె తీసుకుంది. కాస్త మందంగా, తెల్లగా, అడుగున వేళ్లు ఆనేంత కట్టుతో ఉండే గిన్నె. తన చేత్తో చేసిందే. వచ్చినవాళ్లెవరూ దాని వంక చూసి ఎరగరు. దాన్లో గంజి పోసుకుని, గడప మీద కూచుని తాగసాగింది. ఇక చూడ్డానికి ఏమీ లేదనుకుని వర్తకులు కొండ దిగారు.

రూయీ ఆవిడ చేతుల్ని చూస్తూ నిలబడింది. వేళ్లు ఎక్కడ ఆనాయో చూసింది. అంచు పెదవికి ఎలా తగిలిందో చూసింది. తర్వాత ముద్రను తీసుకెళ్లి గూట్లో పెట్టేసింది. అలాంటిదే ఇంకో గిన్నె వెతుక్కుని, ఇంకొంచెం గంజి పోసుకుని వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది.

బయట ఎండ బాగుంది. పైన్ చెట్ల మీదుగా గాలి వస్తోంది. రూయీ ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగి, ఆగింది.

"గురువమ్మా, ఇందులో ఉప్పు లేదు."

యున్‌హే గిన్నె దించి నవ్వింది.

"ఇందాకటి గిన్నెలోనూ లేదే, పిల్లా."