తాడుకి ఈ చివర ముకుందం

"ఒరేయ్ ముకుందం! రోకలి గట్టిగా కట్టావా?"

"కట్టాను అన్నయ్యా! మన బుర్రలు ఇంకెవరికొస్తాయి!"

గవర్రాజు, ముకుందం అన్నదమ్ములు. పొలాలకు మందు చల్లే ఒంటి ఇంజను విమానం వాళ్ళది. తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని ఇద్దరికీ గట్టి నమ్మకం. పట్నంలో అన్నిటికన్నా ఎత్తైన మేడలో ఉండే వకుళంటే ముకుందానికి ప్రాణం. చెబుదామంటే నోరు పెగలదు. "ఇవాళ పన్నెండింటిలోగా నీ మనసులో మాట నువ్వే చెప్పు. లేదంటే నాన్న తెచ్చిన సంబంధానికి తలూపేస్తాను" అందా పిల్ల. అందుకే ఈ ప్రయాణం.

బయల్దేరేముందు విమానాశ్రయం ఆఫీసరు రూల్సు చెప్పాడు.

"పట్నం మీద అన్నిటికన్నా ఎత్తైన మేడకి వెయ్యి అడుగుల పైన ఉండాలి. ఇంజను ఆగినా జనం మీద పడకుండా ఖాళీ మైదానందాకా తేలుతూ పోగలగాలి. రేడియోలో అడిగినదానికల్లా జవాబివ్వాలి."

ఎత్తు చూపించే ముల్లు ఎదురుగానే ఉంది. "అది చెప్తే నమ్మేయడమేనా? మనం కొలవద్దూ?" అన్నాడు గవర్రాజు. అంతే, వెయ్యి అడుగుల తాడుకి అమ్మ రోకలి కట్టి, తోక నుంచి వేలాడదీశారు.

ఇంకేముంది! మబ్బులు వకుళ నవ్వులా ఉన్నాయని ముకుందం మైమరిచిపోతుంటే, కింద రోకలి ఒకరి నీళ్ళ ట్యాంకు పగలగొట్టింది. ఇంకొకరి వడియాల మంచం ఎత్తుకుపోయింది.

"తాడు గుంజిందిరా! సరిగ్గా వెయ్యే!" అని మురిసిపోయాడు అన్న.

రేడియో గరగరలాడింది. "ఎక్కడున్నారు?"

"విమానంలోనండీ."

"అబ్బా! ఏం కనిపిస్తోంది?"

"మా అన్నయ్య వీపండీ."

ఇంతలో గవర్రాజుకి రెండో రూలు గుర్తొచ్చింది. "ఇంజను ఆగితే తేలగలమంటావా?"

"ఆపి చూస్తే పోలా!"

అంతే, అన్న ఇంజను ఆపేశాడు. మళ్ళీ అంటుకోలేదు. తేలుతూ తేలుతూ వకుళ డాబా మీదుగా పోయారు. ఆరేసిన చీర రోకలికి చుట్టుకుంది. వకుళ మెట్లు దిగి చీర వెంట పరుగో పరుగు. విమానం మైదానంలో గెంతి, గెంతి, ఆగింది.

"చూశావా, తేలగలం!" అన్నాడు గవర్రాజు.

వకుళ రొప్పుతూ ముకుందం ఎదుట నిలబడింది. "పన్నెండుకి అయిదు నిమిషాలుంది. చెప్పు."

ముకుందం కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

"ఆగరా!" అని అరిచాడు అన్న. "ఎత్తైన మేడకి వెయ్యి అడుగులన్నారుగా! ఆ మేడ పిల్లకి ఇంత దగ్గరగానా?"

నిజమే! అంతే, తోక నుంచి తాడు విప్పి, రోకలి వకుళ చేతికిచ్చి, తాడు బిగిసేదాకా పరిగెత్తాడు ముకుందం. అక్కణ్ణుంచి మైదానం దద్దరిల్లేలా అరిచాడు.

"వకుళా! నువ్వంటే నాకు ప్రాణం! ఇంతకీ అక్కడున్నది నువ్వా, అన్నయ్యా?"